ఫోను పేరు చెబుతుంది, మందు కొట్టాలా వద్దా అనేది చేను చెప్పాల



పోయిన ఖరీఫ్‌లో నా చెనిక్కాయ చేలో ఒక మూల లేత ఆకులు పసుపెక్కినాయి. ఒక యాప్‌లో ఫొటో పెట్టినా. రెండు నిమిషాల్లో తెగులు పేరు చెప్పింది, కొట్టాల్సిన మందు పేరు కూడా చెప్పింది. మందుల అంగడికి పోయి ఫోను చూపిస్తే, ఆయన దానికి ఇంకో రెండు డబ్బాలు కలిపి ఇచ్చినాడు. రెండు వేల మూడు వందలు అయింది. కొట్టినా. పది రోజులకు ఆకులు ఇంకా తెల్లబడినాయి.

పక్క చేను పెద్దాయన వచ్చి చూసి, "ఇది తెగులు కాదు నాయనా, ఇనుము తక్కువైంది. సున్నం మన్ను కదా నీది, అన్నభేది కొట్టు" అన్నాడు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. కొత్త ఆకులు పచ్చగా వచ్చినాయి. ఖర్చు మొదటి దాంట్లో పదో వంతు కూడా కాలేదు.

ఇది చెప్పి మిమ్మల్ని ఫోన్లు పారేయమనడం లేదు. నేనూ వాడుతున్నా, రేపూ వాడతా. కానీ ఇప్పుడు మీటింగుల్లో ఒక మాట బాగా వినబడుతోంది. "ఫొటో తీయండి చాలు, ఇంక ఎవర్నీ అడగాల్సిన పని లేదు" అంటున్నారు. ఆ మాట మీదనే నా కొట్లాట.

మిషను ఎట్లా నేర్చుకుంటుందో ముందు తెలుసుకుందాం. వేల ఫొటోలు చూపించి, ఇది ఈ తెగులు, ఇది ఆ పురుగు అని మనుషులే పేర్లు పెడతారు. తర్వాత మన ఫొటో వస్తే, అది తాను చూసినవాటిలో దేనికి దగ్గరగా ఉందో చెబుతుంది. అంతే. చూడనిది దానికి తెలీదు. 2016లో అమెరికా, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ప్లాంట్‌విలేజ్ అనే సంస్థ ఫొటోలు 54,306 తీసుకొని ఇట్లాంటి మిషనుకు నేర్పినారు. అదే రకం ఫొటోలతో పరీక్ష పెడితే నూటికి 99 సరిగా చెప్పింది. వేరే చోట, వేరే వెలుతుర్లో తీసిన ఫొటోలు పెడితే నూటికి 31కి పడిపోయింది. ఈ మాట దాచకుండా వాళ్లే రాసినారు. ఆ 14 పంటల్లో ఆపిల్ ఉంది, ద్రాక్ష ఉంది, టమాటా ఉంది. చెనిక్కాయ లేదు.

అప్పటికీ ఇప్పటికీ మిషన్లు మెరుగైనాయి, నిజమే. 2024 ఆగస్టు 15న కేంద్రం జాతీయ తెగుళ్ల నిఘా వ్యవస్థ అని ఒకటి తెచ్చింది. 61 పంటలు, 400కు పైగా పురుగులు, తెగుళ్లు గుర్తుపడుతుందని చెప్పినారు. మంచిదే. కానీ గోరంట్ల ఎర్రమన్నులో, నెల రోజులు వాన లేక వాడిన చెనిక్కాయ ఆకు మీద అది నూటికి ఎన్నిసార్లు సరిగా చెబుతుంది? ఆ లెక్క మనకు చెప్పాల.

నలభై దాటిన వాళ్లకు 2000వ సంవత్సరం గుర్తుండే ఉంటుంది. చేలల్లో చిన్న మొక్కలు మొవ్వు ఎండి, కాండం నల్లబడి చచ్చిపోయినాయి. ఒక్క అనంతపురం జిల్లాలోనే దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్లు దాటింది. చూసినవాళ్లు మొదట మనకు పాతగా తెలిసిన మొవ్వు కుళ్లు తెగులే అనుకున్నారు. చూడ్డానికి అట్లే ఉండె. తర్వాత ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ల్యాబులో పరీక్ష చేస్తే అది వేరే వైరస్ అని తేలింది. టొబాకో స్ట్రీక్ వైరస్ అన్నారు. మనం కాండం కుళ్లు అంటున్నది దాన్నే.

ఇప్పుడు చెప్పండి. ఆ రోజు మీ చేతిలో ఈ ఫోను ఉండుంటే ఏమనేది? తాను చూసిన పాత తెగులు పేరే చెప్పేది. జిల్లా అంతా అదే పేరు నమ్మి అవే మందులు కొట్టేది.

ఇంకో సంగతి. ఆ వైరస్ ఎక్కడ దాక్కుంటుంది? గెనిమ మీది వయ్యారిభామలో. దాని పుప్పొడితో పాటు తామర పురుగులు చేలోకి మోసుకొస్తాయి. వయ్యారిభామ మీద మాత్రం ఏ మచ్చా కనబడదు, నిగనిగలాడుతూ ఉంటుంది. ఎంత పెద్ద కెమెరా పెట్టినా అది ఆరోగ్యంగా ఉన్న కలుపు మొక్కే. రోగం చేలో కనబడుతుంది, కారణం గట్టు మీద ఉంటుంది. ఫొటోలో ఆకు పడుతుంది కానీ గట్టు పడదు.

మిషను పనికొచ్చే చోటు కూడా చెప్పాల, లేకుంటే అన్యాయం. పత్తిలో గులాబీ పురుగుకు వాద్వానీ ఏఐ వాళ్లు కాటన్‌ఏస్ అని ఒకటి చేసినారు. లింగాకర్షక బుట్టలో పడిన రెక్కల పురుగుల్ని ఫొటో తీస్తే అది లెక్కపెడుతుంది. బుట్టకు రోజుకు 8 పురుగులు, వరుసగా మూడు రోజులు పడితేనే మందు ఆలోచన చేయాలనేది శాస్త్రవేత్తలు పెట్టిన హద్దు. లెక్క హద్దు దాటకుంటే మందు ఖర్చు మిగిలినట్టే. నాకు కావాల్సింది ఇట్లాంటిది. పేరు చెప్పి భయపెట్టేది వద్దు, లెక్క చెప్పి ఆపేది కావాల.

ఎవరు చెబుతున్నారో కూడా చూడాల. 2017లో మైక్రోసాఫ్ట్, యుపిఎల్ కలిసి తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో 50 ఊర్లలో మూడు వేల మంది దాకా పత్తి రైతులకు పురుగు వచ్చే ప్రమాదం ఉందని ముందుగానే ఫోన్లు చేయించినారు. యుపిఎల్ అంటే పురుగుమందులు చేసే పెద్ద కంపెనీ. వాళ్లు తప్పు చెప్పినారని నేను అనడం లేదు. కానీ పురుగు వస్తుందని చెప్పేవాళ్లూ, దానికి మందు అమ్మేవాళ్లూ ఒకరే అయితే, "ఈ వారం ఏమీ కొట్టొద్దు" అని మనకు చెప్పేదెవరు?

"వ్యవసాయ సహాయకుడు ఒక్కడే, ఊరంతా తిరగలేడు, ఏదీ లేనిదానికన్నా ఫోను మేలు కదా" అంటారు. నిజమే, అందుకే వాడుతున్నా. కానీ తప్పు సలహా ఏదీ లేనిదానికన్నా మేలు కాదు. వానాధారం చేలో రెండు వేలు పోతే కోతకూలికి అప్పు చేయాల్సిందే.

అందుకని నా మాట ఇది. ఫొటో చెప్పిన రోజే మందు కొనొద్దు. చేలో ఐదు చోట్ల, చోటుకు పది మొక్కలు చూసి, ఎన్నిటికి ఉందో రాసుకోండి. ఆ లెక్కతో రైతు సేవా కేంద్రంలో అడగండి. అనుమానం తీరకుంటే మొక్కను వేర్లతో పీకి కదిరి పరిశోధన స్థానానికి తీసుకుపోండి. వయ్యారిభామ పూతకు రాకముందే పీకేయండి. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో వేయండి, తామర పురుగుకు అదే అడ్డం.

అధికారులకు మూడే మాటలు. చెనిక్కాయలో మీ మిషను ఎన్నిసార్లు సరిగా చెప్పిందో మండలం వారీగా రైతు సేవా కేంద్రం గోడ మీద అతికించండి. మేం పెట్టే ఫొటోలను కదిరి శాస్త్రవేత్తలతో సరిచూపించి, మా చేల ఫొటోలతోనే దానికి నేర్పించండి. అన్నిటికన్నా ముందు, తెలీనప్పుడు "నాకు తెలీదు" అనడం దానికి నేర్పండి. మా పెద్దాయన తెలీనిదానికి తెలీదనే అంటాడు. అందుకే తెలుసన్నప్పుడు ఆయన మాట నమ్ముతాం.