డ్రోన్ రాక్: 30 సెకన్లలో తేలని పరీక్ష

ముందే చెప్తున్నా, ఇది ఎగిరే డ్రోన్ రివ్యూ కాదు. కచేరీలో గాయకుడు నోరు విప్పకముందే వెనక తంబురా ఒకటే శ్రుతిలో మోగుతూ ఉంటుంది కదా, సంగీతంలో అలాంటి ఆగని స్వరాన్నే డ్రోన్ అంటారు. దాన్ని ఎలక్ట్రిక్ గిటార్ల మీద, డిస్టార్షన్‌తో, నిమిషాల తరబడి సాగదీసే ఇండీ రాక్ బ్యాండ్లు చాలానే ఉన్నాయి. వాటిలో కొన్నిటికే పేరొచ్చింది. ఎందుకు?

నా ఇయర్‌ఫోన్ టెస్ట్ ప్లేలిస్ట్‌లో మై బ్లడీ వాలెంటైన్ ఆల్బమ్ 'లవ్‌లెస్' (1991) ఎప్పుడూ ఉంటుంది. పొరలు పొరలుగా గిటార్లు, వాటి మధ్య గుసగుసలాంటి గొంతు. నాసిరకం ఇయర్‌ఫోన్‌లో అదంతా ముద్దగా కలిసిపోతుంది. 30 సెకన్లు వింటే చాలు, సంగతి తేలిపోతుంది అనుకునేవాణ్ణి.

ఈమధ్య ఒక ఇయర్‌ఫోన్‌కి అలాగే విని, 'డీటెయిల్ అదిరింది' అని రాసుకున్నా. ఆ రాత్రి బస్సులో లూప్ అనే లండన్ బ్యాండ్ ఆల్బమ్ 'ఎ గిల్డెడ్ ఎటర్నిటీ' (1990) మొదట్నుంచి పెట్టా. మూడో పాటకే చెవులు నొప్పి. నేను డీటెయిల్ అనుకున్నది నిజానికి అతిగా పెంచిన ట్రెబుల్. రేటింగ్ తగ్గించాల్సి వచ్చింది. అప్పుడు అనిపించింది, బ్యాండ్లని కూడా మనం ఇలాగే తేల్చేస్తున్నాం కదా అని.

పేరొచ్చినవాళ్లకి ఊరికే రాలేదు. 'లవ్‌లెస్'లో ఆ హోరు మీద తియ్యటి ట్యూన్ ఉంటుంది, వెంటనే పట్టుకుంటుంది. స్పిరిచువలైజ్డ్ 1997 ఆల్బమ్ 'లేడీస్ అండ్ జెంటిల్‌మెన్ వీ ఆర్ ఫ్లోటింగ్ ఇన్ స్పేస్'లో గాస్పెల్ కోరస్, బ్రాస్ అన్నీ ఉన్నాయి. ఆ ఏడాది ఎన్ఎంఈ పత్రిక రేడియోహెడ్ 'ఓకే కంప్యూటర్'ని కూడా పక్కనపెట్టి దానికే మొదటి స్థానం ఇచ్చింది.

లూప్ అలా ఊరించదు. ఒకటే రిఫ్, ఒకటే డ్రమ్ బీట్. మొదటి నిమిషంలో 'ఇంతేనా?' అనిపిస్తుంది. నాలుగో నిమిషానికి ఆ రిఫ్ లోపల ఇంకేవో సన్నటి స్వరాలు వినపడటం మొదలవుతుంది. పాట మారలేదు, మన వినికిడి మారింది. మైనస్‌లూ ఉన్నాయి: గొంతు గిటార్ల కింద పూడిపోతుంది, గుర్తుండే ట్యూన్లు తక్కువ. స్పేస్‌మెన్ 3ని కాపీ కొట్టారన్న మాట అప్పట్లోనే పడింది. అయినా 2022లో వచ్చిన 'సోనాన్సీ' వింటే, వీళ్ల పట్టు సడలలేదని నాకనిపించింది.

ఆ స్పేస్‌మెన్ 3 సంగతి ఇంకా విచిత్రం. స్పిరిచువలైజ్డ్ పెట్టిన జేసన్ పియర్స్ అందులోంచి వచ్చినవాడే. 1988లో లండన్‌లో వాళ్లు వాయించిన దాదాపు 45 నిమిషాల డ్రోన్ 'డ్రీమ్‌వెపన్' పేరుతో రికార్డుగా వచ్చింది. ఆ ట్రాక్ పేరులో సితార్ ఉంది, వినిపించేది మాత్రం గిటార్లే! స్పాటిఫైలో 30 సెకన్లు దాటితే ఒక ప్లే కింద లెక్క. అంటే ఈ 45 నిమిషాలూ ఒక ప్లేనే, రెండు నిమిషాల పాటా ఒక ప్లేనే. ఓపిగ్గా వినాల్సిన సంగీతానికి ఈ లెక్కలో లాభం ఏముంటుంది?

నిజానికి మనకి ఇది పరాయి రుచి కాదు. వెల్వెట్ అండర్‌గ్రౌండ్‌లో వయోలాతో డ్రోన్ వాయించిన జాన్ కేల్, అంతకుముందు లా మాంటె యంగ్ బృందంలో పనిచేశాడు. ఆ యంగ్ 1970 నుంచి పండిట్ ప్రాణ్ నాథ్‌కి శిష్యుడు. బుర్రకథ తంబురా విన్న చెవికి లూప్ మరీ కష్టమేం కాదు.

లూప్ గొప్పా, మై బ్లడీ వాలెంటైన్ గొప్పా అంటే, నా ఓటు ఇప్పటికీ 'లవ్‌లెస్'కే. కానీ ఆ ఓటు రెండూ పూర్తిగా విన్నాక వేసింది. మీరూ ఒకసారి చూడండి. ఫోన్ స్పీకర్ వద్దు, అందులో లో ఎండ్ ఉండదు, డ్రోన్ పునాదే పోతుంది. బాస్ బూస్ట్, షఫుల్ ఆపేయండి. వాల్యూమ్ మధ్యస్థంగా చాలు.

నా వరకూ నేను ఒకటి ఫిక్స్ అయ్యా. ఇకనుంచి ఒక ఆల్బమ్ మొత్తం వినకుండా ఏ ఇయర్‌ఫోన్‌కీ రేటింగ్ ఇవ్వను. రివ్యూ ఒకరోజు లేటైతే అవనివ్వండి.