కంట్లో ఫంగస్.. గంటకోసారి చుక్కల బాధ తప్పుతుందా? నానోఫైబర్ కథేంటంటే..

వరి కోతల టైమ్. గాలికి ఎగిరిన పొట్టో, ఆకు అంచో కంట్లో గీసుకుంటుంది. రైతు కన్ను నలుపుకుని మళ్లీ పనిలో పడిపోతాడు. కొన్ని రోజులకు కన్ను ఎర్రబడి, నల్లగుడ్డుపై తెల్లటి మచ్చ కనిపిస్తుంది. అందరూ కండ్లకలకే అనుకుంటారు. కానీ అది కార్నియాకు ఫంగస్ సోకి పడిన పుండు కావచ్చు. డాక్టర్లు దీన్ని ఫంగల్ కెరటైటిస్ అంటారు.

ప్రపంచవ్యాప్తంగా ఏటా 10 లక్షలకు పైగా ఇలాంటి కేసులు వస్తున్నాయని అంచనా. ఎక్కువ భారం ఆసియా, ఆఫ్రికా దేశాలపైనే. పొలం పనులు చేసేవాళ్లే ముందు బలవుతున్నారు.

మందు ఉంది.. మరి సమస్యేంటి?

నాటామైసిన్ 5 శాతం చుక్కలు ఇప్పటికీ ప్రధాన ఆయుధం. మన దేశంలోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో జరిగిన ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి. వోరికోనజోల్ చుక్కల కన్నా నాటామైసినే బాగా పనిచేసిందని, ముఖ్యంగా ఫ్యుజేరియం రకం ఫంగస్‌పై తేడా స్పష్టంగా ఉందని తేలింది.

చిక్కల్లా మందు కంట్లో నిలవకపోవడమే. రెప్ప కొట్టగానే, కన్నీళ్లు రాగానే చుక్క కొట్టుకుపోతుంది. సాధారణంగా చుక్కలో 5 శాతం కూడా కంటి లోపలికి చేరదు. పైగా నాటామైసిన్ కార్నియా లోతుల్లోకి సరిగ్గా ఇంకదు. అందుకే మొదట్లో గంట గంటకీ, ఆ తర్వాత వారాల తరబడి వేయాలి. కూలికి వెళ్తేనే పూట గడిచే ఇంట్లో ఇది అయ్యే పనేనా?

పీచు మిఠాయి లాంటి టెక్నిక్

ఇక్కడే నానోఫైబర్ సీన్‌లోకి వస్తోంది. పీచు మిఠాయి చూశారుగా, పంచదార పాకం సన్నటి దారాలుగా మారుతుంది. ఇదీ దాదాపు అంతే. కాకపోతే తిప్పే మిషన్ బదులు కరెంటు వాడతారు. మందు కలిపిన పాలిమర్ ద్రావణాన్ని సూది గుండా పంపుతూ వేల వోల్టుల విద్యుత్ ఇస్తారు. అది సాగి, ఆరి, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని పోగులుగా పరుచుకుంటుంది. దీని పేరే ఎలక్ట్రోస్పిన్నింగ్.

ఆ పొరను చిన్న ముక్కగా కట్ చేసి కింది రెప్ప లోపల పెట్టాలన్నది ఆలోచన. కన్నీళ్లకు తడుస్తూ, మందును నెమ్మదిగా గంటల తరబడి వదులుతుంది. పాలిమర్‌ను మారిస్తే రోజుల తరబడి కూడా వదిలేలా చేయొచ్చు.

హైదరాబాద్ కనెక్షన్

ఈ టెక్నాలజీ మనకు కొత్త కాదు. ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు యాంఫోటెరిసిన్ బీ మందుతో నానోఫైబర్ మాత్రలు తయారుచేశారు. మొదట కాలా అజార్ కోసం చేసిన ప్రయత్నమిది. 2021లో బ్లాక్ ఫంగస్ విజృంభించినప్పుడు 60 మిల్లీగ్రాముల మాత్ర రెడీగా ఉందని ప్రకటించారు. అయితే అది నోటితో వేసుకునేది, కంటికి కాదు. కిడ్నీలపై దుష్ప్రభావం చూపే మందును నెమ్మదిగా విడుదల చేయించడమే అక్కడి లక్ష్యం.

అసలు లోపం ఎక్కడ?

కంటి నానోఫైబర్లపై పని ఎక్కువగా ఇంకా ల్యాబుల్లో, కుందేళ్లపై పరీక్షల దశలోనే ఉంది. పెట్టగానే మందంతా ఒక్కసారిగా బయటకు రాకూడదు. ముక్క జారిపోకూడదు. స్టెరిలైజ్ చేసినా మందు పాడవకూడదు. ధర సామాన్యుడికి అందాలి. ఇవన్నీ దాటాకే మార్కెట్.

ఇంకో మాట. ఎంత మంచి టెక్నాలజీ వచ్చినా అది పనిచేసేది జబ్బేంటో తేలాకే. చాలామంది ముందు మెడికల్ షాపుకో, ఆర్ఎంపీ దగ్గరికో వెళ్తున్నారు. అక్కడ స్టెరాయిడ్ చుక్కలు ఇస్తే ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం పెరిగిపోతుంది. పుండు నుంచి చిన్న శాంపిల్ తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే చాలాసార్లు ఫంగస్ అక్కడే బయటపడుతుంది. ఆ పరీక్ష పల్లెకు దగ్గరగా లేకపోతే నానోఫైబర్ వచ్చినా ఆలస్యంగానే అందుతుంది.

కాబట్టి ఇప్పటికి చేయాల్సింది సింపుల్. కంట్లో ఏదైనా పడితే నలపొద్దు, శుభ్రమైన నీళ్లతో కడగండి. పసర్లు, చనుబాలు వద్దు. సొంతంగా చుక్కలు కొనొద్దు. నొప్పి, ఎరుపు, తెల్ల మచ్చ కనిపిస్తే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కోతలప్పుడు మామూలు కళ్లజోడు పెట్టుకున్నా ఆ మొదటి గీత పడకుండా చాలావరకు ఆపొచ్చు.