నొప్పి తగ్గాలి, ఊపిరి ఆగకూడదు

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే శిబిరంలో 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు చనిపోయారు. అప్పటి చర్చ ఇన్‌ఫెక్షన్ చుట్టూ తిరిగింది. అది అవసరమే. అయితే ఆపరేషన్లప్పుడు ఇచ్చే నొప్పి సూదుల గురించి కూడా మనం మాట్లాడుకోవాలి.

ఆపరేషన్ చేయించుకున్న స్త్రీల దగ్గర నేను రెండు రకాల మాటలు విన్నాను. “కోస్తుంటే తెలుస్తనే ఉంది” అన్నవాళ్లున్నారు. “సూదిచ్చినంక ఏమైందో తెల్వదు” అన్నవాళ్లూ ఉన్నారు. రెండింటి వెనకా ఉన్నది ఒకటే: మనిషిని కాక సంఖ్యను చూసే తొందర.

పెంటజోసిన్, పెథిడిన్, ఫెంటనిల్ వంటి ఓపియాయిడ్ మందులు నొప్పిని బాగా తగ్గిస్తాయి. మోతాదు మించినా, డయజిపామ్ వంటి మత్తుమందు తోడైనా శ్వాసను మందగింపజేస్తాయి. అది చప్పుడు లేని ప్రమాదం. చూసేవాళ్లకు ఆమె నిద్రపోతున్నట్టే ఉంటుంది. అందుకే బరువును, ఆరోగ్యాన్ని బట్టి మోతాదు నిర్ణయించాలి. పల్స్ ఆక్సీమీటర్, ఆక్సిజన్, విరుగుడైన నాలోక్సోన్ పక్కనే ఉండాలి. పూర్తిగా మెలకువ వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండడమే పనిగా ఒకరుండాలి. కోసే డాక్టరు ఆ పని కూడా చేయలేరు.

అలాగని మందే వద్దనడం పరిష్కారం కాదు. ఆడది ఓర్చుకుంటుందన్న పాత మాటకు అది కొత్త సాకవుతుంది.

మూడేళ్లలో శిబిరాలను ఆపాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. ఇబ్రహీంపట్నం శిబిరం ఆ గడువు దాటాక జరిగింది. ఏ సూది ఇస్తున్నారు? ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? విరుగుడు ఉందా? బల్ల ఎక్కకముందే ఈ మూడు ప్రశ్నలు అడిగే హక్కు ప్రతి స్త్రీకీ ఉంది. ఆమె పక్కన నిలబడి అడగడం మన బాధ్యత.