విమానము నిలిచినచో మన హక్కేమి?

విమానయానము నవాబులకును జమీందారులకును తగిన వేడుక యని తలంచిన దినములు పోయినవి. మా పాతబస్తీలో లాల్‌దర్వాజా మొదలు శాలిబండ వఱకు ఏ వీథిలో విచారించినను, ఒక యింటి కుమారుడు జెద్దాలోనో దుబాయిలోనో ఉద్యోగము చేయుచుండును. మఱియొక యింటి కూతురు జర్మనీలోనో లండనులోనో కాపురముండును. కూతురి పురిటికి తల్లి పోవలె ననిన విమానమే గతి. కాశీయాత్రకు సైతము రైలును విడిచి శంషాబాదు దారి పట్టువారే యెక్కువ. కావున విమానము వేళకు కదలనిచో మనకు రావలసిన దేమో గృహిణులు తెలిసికొనుట అవసరము. మగవారు చూచుకొందురులే యని యూరకుండుటకు వీలులేదు; ఆ యినుప కుర్చీలపై గంటల తరబడి కూర్చుండునది మనమే గదా.

మా యింటికి నాలుగిండ్ల యవతలనున్న యొక పెద్దమ్మగారు కూతురి పురిటికై జర్మనీకి బయలుదేరిరి. ఐరోపా కంపెనీ విమానము. అందఱు నెక్కి కూర్చున్న పిదప యంత్రములో లోపము కనబడినదని దింపివేసిరి. ఏడు గంటల యాలస్యము. ఆ నడుమ కంపెనీ యుద్యోగిని యొకతె వచ్చి, ప్రయాణికులందఱకును ఒక్కొక్క కాగితము చూపి, సంతకము చేసినచో మఱుసటి ప్రయాణమునకు పనికివచ్చు వోచరు నిచ్చెదమని చెప్పినదట. పలువురు సంతోషముతో సంతకము చేసిరి. మా పెద్దమ్మగారు మాత్రము, “అమ్మాయీ, చదివి తెలిసికొనని కాగితముపై మా ఆయన యడిగినను నేను సంతకము చేయను” అనిరట. ఆ మొండితనమే ఆమెకు మేలు చేసినది.

ఐరోపా సమాఖ్యవారు 2004లో 261వ సంఖ్య గల నిబంధన నొకదానిని చేసిరి. 3500 కిలోమీటర్లు మించిన ప్రయాణమునకు మనిషి యొక్కింటికి 600 యూరోలు, తక్కువ దూరములకు 400, 250 చొప్పున పరిహార మియ్యవలయు నని యందు కలదు. మొదట ఇది విమానము రద్దయినవారికే యనుకొనిరి. 2009లో ఐరోపా న్యాయస్థానము, గమ్యమును మూడు గంటలు గాని అంతకు మించి గాని ఆలసించి చేరినవారికిని ఇది వర్తించునని తీర్పు చెప్పెను. దూరప్రయాణములలో ఆలస్యము నాలుగు గంటల లోపైనచో సగమునకు తగ్గింపవచ్చును. ఈ సొమ్ము రొక్కముగా నీయవలయును. ప్రయాణికుడు సంతకము చేసి యొప్పుకొన్నప్పుడే వోచరు చెల్లును. ఆ కాగితములోని కిటుకు ఇదియే.

పెద్దమ్మగారి కూతురు పసికందును ఒడిలో నుంచుకొనియే కంపెనీకి జాబు వ్రాసినది. యంత్రలోపము మేము ముందుగా నెఱుంగనిది, అసాధారణ పరిస్థితి, కావున చెల్లింప నక్కఱలేదని ప్రత్యుత్తరము వచ్చెను. చదువుకొన్నవారు సైతము ఇచ్చటనే వెనుదీయుదురు. కాని అసాధారణ పరిస్థితి యనిన తుపాను, యుద్ధము వంటివి. విమానము నడపువానికి యంత్రము చెడుట నిత్యవ్యాపారములోనిదే యని అదే న్యాయస్థానము 2008లోనే తేల్చినది. 2015లో క్విటో నగరమునుండి ఆంస్టర్‌డాము పోవలసిన విమానమును గూర్చిన వ్యాజ్యెమున, మరమ్మతులు సక్రమముగా చేయించుచుండినను హఠాత్తుగా భాగము చెడినచో బాధ్యత కంపెనీదే యని మఱింత విశదముగా చెప్పినది. తయారీలోనే దాగియుండి పిదప బయటపడిన లోపము, ఎవ్వరైన బుద్ధిపూర్వకముగా చేసిన విధ్వంసము, ఇట్టివి మాత్రము వేఱు. ఈ తీర్పులను పేర్కొని రెండవ జాబు వ్రాయగా నాలుగు నెలలకు 600 యూరోలును వచ్చినవి. పుష్పకవిమానమునకు యంత్రలోపము లేకపోవుట రావణుని యదృష్టము!

ఐతే ఒక మెలిక యున్నది. మనదేశమునుండి పోవునప్పుడు విమానము ఐరోపా కంపెనీదైననే ఈ నిబంధన పనిచేయును. ఐరోపానుండి తిరిగి వచ్చునప్పుడు ఏ దేశపు కంపెనీయైనను సరే. ఇంగ్లండువారును సమాఖ్యనుండి వెలుపలికి వచ్చిన పిదప ఈ పద్ధతినే నిలుపుకొనిరి. అచ్చట దూరప్రయాణమునకు 520 పౌనులు. టిక్కెట్టు కొనునప్పుడే ఈ సంగతి చూచుకొనిన మంచిది.

జెద్దా, దుబాయి ప్రయాణముల మాట వేఱు. వానికి 1999 నాటి మాంట్రియలు ఒడంబడిక యాధారము. మనదేశము దానిలో 2009లో చేరినది. ఆలస్యమువలన నిజముగా కలిగిన నష్టమును రసీదులతో చూపినచో, తగిన జాగ్రత్తలన్నియు తీసికొంటిమని కంపెనీ రుజువు చేసికొననంత వఱకు, ఒక పరిమితికి లోబడి చెల్లింపవలసినదే. రెండేండ్లలోపల వ్యాజ్యెము వేయవలయును. ఆలస్యమైనందున జీతము కోతపడిన కుమారులు గల తల్లులు ఈ మాట వారికి వ్రాయుదురు గాక.

ఇక మన దేశములోని ప్రయాణముల మాట. మాకు తెలిసిన యొక వితంతువు భర్త సాంవత్సరికము కాశిలో పెట్టవలెనని, ముందటి దినము సాయంకాలము 5 గంటల విమానమునకు టిక్కెట్టు కొనిరి. యంత్రలోపమని చెప్పి అది మఱునాటి మధ్యాహ్నము కదలినది. ఆమె గంగయొడ్డు చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకినది, తిథి దాటినది. ఆమెకు దక్కినది రెండు పొట్లముల ఫలాహారము.

విమానయాన శాఖవారు 2010లో చేసి పిదప సవరించుచు వచ్చిన నియమము ప్రకారము, రెండున్నర గంటల లోపు ప్రయాణమైనచో రెండు గంటల యాలస్యమునకు ఆహార మియ్యవలయును. ఆరు గంటలు మించినచో వేఱొక విమానమో, పూర్తి సొమ్ము వాపసో ప్రయాణికుల యిష్టము. రాత్రి 8 గంటలకును తెల్లవారుజామున 3 గంటలకును నడుమ బయలుదేరవలసినది ఆరు గంటలు మించి ఆలసించినను, ఏ విమానమైనను 24 గంటలు మించి ఆలసించినను హోటలులో బస చూపవలయును. ఆమె విమానము 5 గంటలది. ఆలస్యము 19 గంటలు. అందుచే బస సైతము హక్కు కాకపోయినది! విమానము రద్దయి తగు వ్యవధిలో తెలుపనిచో 5000 మొదలు 10000 రూపాయల వఱకు పరిహారము కలదు గాని, ఆలస్యమునకు, అది యంత్రలోపమువలననే యైనను, రొక్కముగా నేమియు లేదు. ఒకే విమానాశ్రయము, ఒకే విధమైన లోపము. ఒకరికి 600 యూరోలు, ఒకరికి ఉప్మా. ఈ నియమము మాఱవలసియున్నదని మా యభిప్రాయము.

ఐనను దారి మూసికొనిపోలేదు. 2007 డిసెంబరులో ఢిల్లీనుండి మన నగరమునకు రావలసిన ఇండిగో విమానము పొగమంచువలన పగలంతయు నిలిచిపోగా, ప్రయాణికు డొకరు హైదరాబాదు శాశ్వత లోక్‌అదాలతులో దావా వేసిరి. 10000 రూపాయల పరిహారము, 2000 ఖర్చులు నిచ్చిరి. కంపెనీ సుప్రీముకోర్టు వఱకు పోయినది. 2011లో ఆ కోర్టు, పొగమంచు కంపెనీ చేతిలోనిది కాదనియు, ఆహారము మున్నగు వసతులు చూపిరనియు ఆ పరిహారమును కొట్టివేసెను. ప్రయాణికు డోడినాడు, కాని ఆ తీర్పులోనే మనకు పనికివచ్చు రెండు మాటలున్నవి. ఢిల్లీ కోర్టులలోనే వ్యాజ్యెము వేయవలెనన్న టిక్కెట్టు షరతు లోక్‌అదాలతునకు అడ్డుకాదనుట యొకటి. చవుక టిక్కెట్టుల కంపెనీయైనను నిలిచిపోయినవారికి కనీస వసతులు చూపక తప్పదనుట రెండవది. పొగమంచు దైవికము. యంత్రమును కాచుకొనవలసినది కంపెనీయే యని వాదించుటకు తావున్నది.

1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలు నిత్తురు. ఈ సంగతి మనలో ఎందఱికి తెలియును? ఆ న్యాయసేవాసదనము మా పురానీహవేలీలో సిటీ సివిలు కోర్టు ఆవరణలోనే యున్నది. ఆఱవ నిజాముగారి దుస్తుల బీరువాను చూచుటకు ఆ వైపు పోవువారు కోర్టు గుమ్మమును చూచి తొలగిపోవుదురు. లోక్‌అదాలతులో రుసుము లేదు. మొదట రాజీకి యత్నించి, కుదరనిచో వారే తీర్పు చెప్పుదురు. ఐతే వేఱొక కోర్టులో వ్యాజ్యెము వేయక ముందే యిచ్చటికి రావలయును. లేదా 2019 నాటి వినియోగదారుల చట్టము క్రింద మీరు నివసించు జిల్లా కమిషనులోనే రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షలలోపు సొమ్ము చెల్లించిన వ్యవహారమునకు అచ్చటను రుసుము లేదు. సలహాకు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

ఎచ్చటికి పోయినను టిక్కెట్టు, విమానమెక్కు చీటి, ఆలస్యమునకు కారణము తెలుపుచు కంపెనీ పంపిన వర్తమానము, మీరు చేసిన ఖర్చుల రసీదులు వెంట నుండవలయును. కారణము నోటితో చెప్పినచో వ్రాసి యిమ్మని అచ్చటనే యడుగుడు. కాశికి పోయివచ్చిన ఆమె పురోహితునకు ముందుగా నిచ్చిన బయానా చీటిని సైతము దాచియుంచిరి. వచ్చు సోమవారము ఆమెతో కూడ మేమును పురానీహవేలీకి పోవుచున్నాము.