వరండాలో అమ్మలు

హక్కంటే ఏమిటో విశాఖకి ఎవరూ చెప్పక్కర్లేదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో ప్రాణాలిచ్చిన ఊరిది. ఆ ఉక్కునగరంలోనే బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం అరుణోదయ స్పెషల్ స్కూల్ వచ్చింది. మంచిదే. కానీ ఏ ఊళ్ళోనైనా స్పెషల్ స్కూలు అనగానే నా కళ్ళముందు మెదిలేది బోర్డు కాదు, వరండాలో టిఫిన్ డబ్బా, ఓ జత బట్టలు ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మ.

పదిహేనేళ్ళ కొడుకుని బస్సెక్కించేదీ, బాత్రూంకి తీసికెళ్ళేదీ, కూతురికి ప్యాడ్ మార్చేదీ ఆమే. ఆమెకి జ్వరమొస్తే ఆ రోజు బిడ్డకి బడి లేదు. జీతం లేని ఆయా ఆమె. ‘తల్లి కదా’ అంటారు. మరి తండ్రి?

2016 చట్టం నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్యని హక్కు చేసింది. ఇలాంటి పిల్లలు ఐదుగురికి ఒక స్పెషల్ టీచరుండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పోస్టులు మంజూరు చెయ్యమని 2025లో మళ్ళీ చెప్పాల్సొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ ఖాళీని నింపిందెవరు? అందుకోసం ఆమె మానేసిన ఉద్యోగం ఏ లెక్కల్లోకి వస్తుంది? పద్దెనిమిది నిండాక ఆ ఉచిత చదువు గడువూ తీరిపోతుంది. ఆమె చాకిరీకి మాత్రం గడువు లేదు.

మాతృత్వపు మహిమని చీల్చి చెండాడిన మనం కూడా ఈమెని ‘త్యాగమూర్తి’ అని ఓ దండం పెట్టి తప్పుకున్నాం. ఆమెకి దండాలొద్దు. బడిలో ఆయా కావాలి, బస్సు కావాలి, పద్దెనిమిది తర్వాత బిడ్డకో చోటు కావాలి. ఇది దయ కాదు. హక్కు.