తాతలు కాల్చింది ఏమిటి?

హోలీకి, ఉగాదికి మధ్య ఒక సాయంత్రం చూసుకుని చెలకకు అగ్గి పెట్టడం జన్వాడలో మా మేనమామ వాళ్లింటి ఆనవాయితీ. ఇంటి పెద్దే అంటించాలి. పిల్లలు వేప మండలు పట్టుకుని గట్ల మీద కాపు కాయాలి. పత్తి కట్టె, కంది మోళ్లు, ఎండు గడ్డి బూడిదైతే తప్ప ఉగాదినాడు అరక కట్టడానికి భూమి శుభ్రపడినట్టు కాదు. యాసంగి కోతలయ్యాక వరి కొయ్యలదీ ఇదే గతి. ఎందుకని అడిగితే, "మా తాతలు చేసిన్రు, మేం చేస్తున్నం. అగ్గి సూపిస్తె భూమి దోషం పోతది" అంటారు. తాతల మాటనే ముందు పరీక్షించాలి. మిగతా నమ్మకాలన్నీ దాని అండ చూసుకునే నిలబడ్డాయి.

తాతల కాలంలో కాల్చడానికి చేనులో ఏం మిగిలేది? శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు డెబ్బై దాటిన రైతును ఎవరినైనా అడగండి. వరిని కొడవలితో నేల బారున కోసేవారు. గడ్డిని కట్టలు కట్టి వాము పెడితే ఏడాదంతా ఎడ్లకు, బర్లకు అదే మేత. జొన్న చొప్పా పశువులకే. కంది కట్టె తడకలకు, పొయ్యికి. పత్తి కట్టె పొయ్యిలోకి. ఆఖరికి జొన్న మోళ్లను కూడా ఆడవాళ్లు ఏరి గంపలకెత్తుకుని వంటచెరకుగా తెచ్చుకునేవారు. నిప్పు పెట్టిందల్లా ముళ్లకంపకు, గట్టు పక్కన కుప్పేసిన కలుపుకు. మడి మొత్తం తగలబెట్టడమంటే ఎడ్ల నోటికాడి మేతను తగలబెట్టడమే. కరువు చూసిన ఏ రైతూ ఆ పని చేయడు.

ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. పొయ్యి మీదికి గ్యాస్ వచ్చింది. హార్వెస్టర్ కోసిన మడిలో మోకాలి దిగువ దాకా కొయ్య నిలబడి ఉంటుంది, గడ్డి చిందరవందరగా పడి ఉంటుంది. దాన్ని ఎత్తించాలంటే కూలి కావాలి; అగ్గిపుల్లకు కూలి లేదు. మన కళ్ల ముందు, మన అవసరం కొద్దీ పుట్టిన అలవాటు ఇది. దానికి తాతల పేరు పెట్టడంతో అడిగే దారి మూసుకుపోయింది. ఖర్చు గురించి వాదించవచ్చు గానీ, తాతను ప్రశ్నిస్తే ఇంట్లో అది అవమానమవుతుంది.

"బూడిద బలం" అనే మాటలో మాత్రం కొంత నిజం ఉంది, దాన్ని తోసేయకూడదు. బూడిదలో పొటాష్ ఉంటుంది, కొంత భాస్వరం ఉంటుంది. అవి పైరుకు వెంటనే అందుతాయి కనుక మొదట్లో చేను నిగనిగలాడుతుంది. కొండల్లో పోడు వ్యవసాయానికి ఆధారమూ ఇదే. కానీ పోడులో కాలేది ఏళ్ల తరబడి పెరిగిన అడవి. ఆ నేలకు తర్వాత ఏళ్ల విరామం దొరికేది. మన చేను ఏటా పండాలి, ఏటా కాలాలి.

టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం, 400 కిలోల సేంద్రియ కర్బనం చేజారుతాయని వ్యవసాయ శాస్త్రవేత్తల లెక్క. నత్రజని, కర్బనం పొగలోనే పోతాయి. పొటాష్ చాలావరకు బూడిదలో మిగిలినా, చైత్ర వైశాఖాల గాలికి కొంత, తొలకరి వరదకు కొంత కొట్టుకుపోతుంది. సేంద్రియ కర్బనం అర శాతం కూడా లేని నేలలు మనకు కోకొల్లలు. అలాంటి నేలలో ఆ 400 కిలోలను పొగ చేసి, మళ్లీ దుకాణానికి పోయి బస్తాలు మోసుకొస్తున్నాం.

"కాల్చని మడిల నాటు పచ్చవడ్డది" అని మా మేనమామ చూపించే సాక్ష్యం కూడా కల్పితం కాదు. పచ్చి కొయ్యను దున్నిన వెంటనే నాటు వేస్తే, కొయ్యను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమ బతుకు కోసం నేలలోని నత్రజనిని వాడుకుంటాయి. ఆ కొన్ని వారాలు పైరు పాలిపోతుంది. అంటే ఆయన కన్ను చూసింది నిజమే, చెప్పుకున్న కారణం తప్పు. మూడు నాలుగు వారాల ముందే, ఎకరానికి 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీరు పెట్టి కలియదున్నితే కొయ్య కుళ్లి ఎరువవుతుందని వ్యవసాయ అధికారులు ఏటా చెబుతూనే ఉన్నారు. ఒకే మడిని రెండుగా చేసి, ఒక సగం కాల్చి, ఇంకో సగం ఇలా దున్ని, ఒకే విత్తనం వేసి, రెండు మూడు పంటలు కాటా పెట్టి చూసినవాళ్లు ఆ ఇంట్లో లేరు. చేయని పరీక్షకు ఫలితం మాత్రం ముందే చెప్పేస్తున్నారు.

పురుగు సంగతి. పత్తి కట్టెల మీద మిగిలిన గుల్ల కాయల్లో గులాబీ పురుగు దాగి ఉంటుంది. కట్టెను చేనులో ఉంచకూడదన్నది సరైన జాగ్రత్తే. అందుకు కట్టె పీకి, ష్రెడర్‌తో ముక్కలు చేసి, ఎండాకాలం లోతు దుక్కి దున్నితే మట్టిలోని కోశస్థ దశలు ఎండకు, పిట్టలకు బలవుతాయి. పైపైన పాకిపోయే మంట అంత లోతుకు చేరదు. అది ముందు చంపేది పై మట్టిలోని మేలు చేసే జీవులను, గట్టు మీది తొండలను, పిట్ట గూళ్లను.

ఇక మనుషులు. కొయ్యలకు నిప్పు పెట్టబోయి, గాలి తిరిగి, పక్క చేనుకు పాకుతున్న మంటను ఆర్పబోయి, పొగకు ఊపిరాడక ముసలి రైతులు చనిపోయారన్న వార్తలు తెలంగాణ జిల్లా పేజీల్లో ఏటా ఎండాకాలం వస్తూనే ఉన్నాయి. "ఇంటి పెద్దే అంటించాలి" అనే నియమం ఎంత క్రూరమైనదో ఆ వార్తలు చదివితే తెలుస్తుంది. పరుగెత్తలేని మనిషిని మంటకు దగ్గరగా నిలబెడుతున్నాం, వేప మండ ఇచ్చి పిల్లలను పొగలో నిలబెడుతున్నాం. డ్రిప్పు పైపులు, పక్కవాడి గడ్డివాము పోతే డబ్బు నష్టం అనుకోవచ్చు. చేవెళ్ల రోడ్డు వెంట నిజాం కాలం నుంచి నిలబడి ఉన్న వందలాది మర్రి చెట్ల మొదళ్లకు గట్టు మంట పాకితే ఆ నష్టాన్ని ఏ డబ్బుతో పూడుస్తాం? ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నీటిని కాపాడడానికి 1996లో తెచ్చిన 111 జీవో పరిధిలోకి వచ్చిన ఊరు జన్వాడ. ఫ్యాక్టరీ పొగ వద్దని గట్టిగా అడిగే హక్కు ఈ ఊరికి ఉంది. అదే ఊళ్లో చేను పొగకు భక్తి పేరు చెల్లదు.

కూలి దొరకడం లేదు, యంత్రం అద్దె భారం, నాటుకు గడువు లేదు: కాల్చడానికి అసలు కారణాలివి. ఈ మాట బయటికి చెప్తే దానికి పరిష్కారం అడగవచ్చు. ష్రెడర్లు, గడ్డి చుట్టే బేలర్లు ఊరికి తక్కువ అద్దెకు అందించమని ప్రభుత్వాన్ని నిలదీయవచ్చు. పాడి ఉన్నవాళ్లు మేత కొంటున్న చోటే ఇంకొకరు మేత కాల్చడం ఏమిటని ఊళ్లోనే మాట్లాడుకోవచ్చు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ ఊళ్లకు దగ్గరే. తమ నల్లరేగడిలో, తమ ఎర్ర చెలకలో చేసి చూపించమని అడిగే హక్కు ఈ రైతులకు ఉంది. భూమి దోషం అన్నామనుకోండి, అడగడానికి ఎవరూ మిగలరు. ఈసారి ఉగాదికి ముందు మా మేనమామను నేను ఒక్క అర ఎకరమే అడిగాను, కాల్చకుండా నాకు వదిలేయమని. సూపర్ ఫాస్ఫేట్ ఖర్చు నాది, కాటా ఆయనది.