ఏ దారిలో తిరగాల్సిన బండి?

పెద్ద కారు కొందామని నాగాయలంక నుంచి విజయవాడ వెళ్లిన మనిషిని షోరూములో మొదట అడిగేది బడ్జెట్ ఎంతని. తర్వాత లోనా, క్యాషా అని. ఆ తర్వాత పాత బండి ఎక్స్ఛేంజికి ఇస్తారా, రంగు ఏది, సన్‌రూఫ్ కావాలా, డెలివరీకి ముహూర్తం ఎప్పుడు పెట్టించారు అని వరసగా అడుగుతారు. మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ అడుగుతారు. ‘ఈ బండి ఏ దారిలో తిరగాలండీ?’ అని మాత్రం అడగరు. కొనేవాడూ చెప్పడు. పాతిక లక్షల నుంచి యాభై లక్షల దాకా పోసే బేరంలో అసలు మాట అదేనని నా నమ్మకం.

దివిసీమ దారులు ఎలాంటివో దివిసీమ వాళ్లకు చెప్పనక్కర్లేదు. నాగాయలంక మండలంలో రొయ్యల చెరువులున్న రైతు రోజూ ఇంటి నుంచి చెరువుకు నాలుగైదు కిలోమీటర్లు వెళ్తాడు, మధ్యాహ్నం వస్తాడు, సాయంత్రం మళ్లీ వెళ్తాడు. అందులో కొంత తారురోడ్డు, కొంత కరకట్ట, చివర చెరువు గట్టు. గట్టు మీద ఒక్క బండే పడుతుంది, రెండు పక్కలా నీళ్లే. సొర్లగొంది, గుల్లలమోద వైపు పోయేకొద్దీ గాలిలోనే ఉప్పుంటుంది. వాన పడితే నల్లమట్టి టైరుకు చుట్టుకుని వదలదు. ఎదురుమొండి వెళ్లాలంటే ఏటిమొగ రేవులో పంటు ఎక్కాలి. నెలకు ఏ ఒకటి రెండుసార్లో పులిగడ్డ–పెనుమూడి వారధి దాటి రేపల్లె వైపు వెళ్తారు, లేదా చల్లపల్లి, ఉయ్యూరు మీదుగా విజయవాడ వెళ్తారు. ఎప్పుడో ఒకసారి 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని హైదరాబాద్. బండి తన ఆయుష్షులో ఎక్కువ రోజులు గట్ల మీదే గడుపుతుంది. టెస్ట్ డ్రైవ్ మాత్రం బెంజి సర్కిల్ దగ్గర ఎక్కించి, జాతీయ రహదారి మీద నాలుగు కిలోమీటర్లు తిప్పి దింపేస్తారు. అంత నున్నటి రోడ్డు మీద బాగా నడవని పెద్ద బండి ఏదీ ఉండదు.

కొలతలు చూడండి. పొడవు 4 మీటర్లు, ఇంజను 1,500 సీసీ దాటి, నేల నుంచి 170 మిల్లీమీటర్లు, ఆపైన ఎత్తులో ఉన్న యుటిలిటీ బళ్లను జీఎస్టీ పెద్దవాటి కింద లెక్కగట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద పన్ను 40 శాతం. ఆ తరగతిలో మన వైపు ఎక్కువగా కనిపించే టొయోటా ఫార్చ్యూనర్ పొడవు 4,795 మిల్లీమీటర్లు, వెడల్పు 1,855. మహీంద్రా స్కార్పియో-ఎన్ పొడవు తక్కువే, 4,662. వెడల్పు మాత్రం 1,917, అదీ అద్దాలు కలపకుండా. ఫార్చ్యూనర్ ఒక్క తిప్పులో వెనక్కి మళ్లాలంటే దాదాపు పన్నెండు మీటర్ల ఖాళీ కావాలి. చెరువు గట్టు మీద అంత చోటెక్కడిది? అందుకే ఇక్కడి టెస్ట్ డ్రైవ్‌లో ముందుకు ఎంత వేగం అందుకుంటుందో చూడటం కన్నా, ఇరుకు దారిలో వంద గజాలు రివర్సులో ఎలా వస్తుందో చూడటం ముఖ్యం. అద్దాల్లో వెనక చక్రం కనిపిస్తుందా? బురద చిమ్మాక వెనక కెమెరా ఏమైనా చూపిస్తుందా?

కొలతల కంటే లోతైన విషయం డీజిల్ బళ్లది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ ఒకటి పెడుతున్నారు. డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే అది దాదాపు ఆరువందల డిగ్రీల దాకా వేడెక్కాలి. బండి హైవే మీద కొంతసేపు ఆగకుండా పరిగెత్తితే ఆ పని దానంతటదే జరిగిపోతుంది. ఇంటి నుంచి చెరువుకు, చెరువు నుంచి ఇంటికి, పదిహేను ఇరవై వేగంతో తిరిగే బండిలో ఇంజను సరిగా వేడెక్కకముందే ప్రయాణం అయిపోతుంది. మసి పేరుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. మసి కాల్చడానికి ఇంజను అదనంగా చిమ్మే డీజిల్, పని సగంలో ఆగిపోతే కొంత ఇంజనాయిల్లో కలుస్తుంది. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ‘అవనిగడ్డ దాటి హైవే మీద అరగంట తోలండి సార్’ అని సర్వీసు అడ్వైజరు ఫోనులో చెప్పే సలహా తప్పేమీ కాదు. కాకపోతే అది అమ్మకముందు చెప్పాల్సిన మాట. గట్ల మీద రోజూ తిరిగేవాడికి పెట్రోలు బండి నయమేమో ఆలోచించండి అని చెప్పగలిగిన సేల్స్‌మన్ ఉంటే అతనికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

ఈ విషయంలో మనం నేర్చుకోదగ్గ చోటు ఆస్ట్రేలియా. మన జిల్లా పిల్లలు మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో ఎందరో ఉన్నారు కాబట్టి అది మరీ తెలియని దేశమూ కాదు. అక్కడ వందల కిలోమీటర్ల ఎర్రమట్టి దారులున్నాయి, సముద్రపుటొడ్డు ఇసుకలో పెద్ద బళ్లు నడిపే అలవాటుంది, సర్వీసు సెంటరుకు ఒక పూట ప్రయాణం చేసే పల్లెలున్నాయి. 2011 జనవరి 1 నుంచి అమలైన ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం 54వ సెక్షన్‌లో వస్తువు ఆమోదించదగ్గ నాణ్యతతో ఉండాలంటుంది. 55వ సెక్షన్‌లో ఇంకో అడుగు ముందుకు వేస్తుంది: ఏ పనికి కొంటున్నాడో కొనేవాడు అమ్మేవాడికి తెలియజేస్తే, వస్తువు ఆ పనికి తగినదై ఉంటుందన్న హామీ అమ్మేవాడి మీద పడుతుంది. ఆ హామీ మాకు వర్తించదని బిల్లు వెనక చిన్న అక్షరాల్లో రాసుకున్నా చెల్లదు. తప్పు పెద్దదైతే డబ్బు వెనక్కి తీసుకోవాలా, వేరే బండి తీసుకోవాలా అన్నది కొన్నవాడి ఇష్టం.

ఈ చట్టం కాగితాల్లోనే ఉండిపోలేదు. 2015 అక్టోబరు నుంచి 2020 ఏప్రిల్ వరకు అక్కడ అమ్మిన టొయోటా హైలక్స్, ప్రాడో, ఫార్చ్యూనర్ డీజిల్ బళ్ల మీద యజమానులు ఉమ్మడిగా కోర్టుకెళ్లారు. మొత్తం బళ్లు రెండు లక్షల అరవై వేలకు పైమాటే. గొడవ ఈ డీపీఎఫ్ మీదే. అయితే గంటకు వంద కిలోమీటర్ల వేగంతో ఆగకుండా తోలిన బళ్లలోనే అక్కడ జల్లెడ సరిగా శుభ్రపడక తెల్లటి పొగ, కంపు వచ్చాయి. మన గట్ల మీది ఇబ్బందికి ఇది సరిగ్గా తలకిందులు. మామూలుగా తోలే తీరుల్లో అదీ ఒకటి కాబట్టి, దానికి తట్టుకోని బండి ఆమోదించదగ్గ నాణ్యత గలది కాదని 2022 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. బళ్ల విలువ 17.5 శాతం తగ్గినట్టు లెక్కగట్టింది. 2023లో అప్పీలు ధర్మాసనం దాన్ని 10 శాతానికి దించింది. 2024 నవంబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు ఆ లెక్క మళ్లీ కట్టమని వెనక్కి పంపింది. ఆ బళ్ల లోపాన్ని మన దగ్గర తిరిగే బళ్లకు అంటగట్టడం న్యాయం కాదు. నాకు విలువైనదిగా తోచింది కోర్టు చూసిన చూపు. బండి మంచిదా చెడ్డదా అని గాల్లో తేల్చకుండా, జనం దాన్ని ఎలా తోలుతారో ఆ తోలకంతో కలిపి తూచింది.

మనకు ఇలాంటి చట్టం లేదనుకోకండి. ఎప్పుడో 1930లోనే ఉంది. సరుకుల అమ్మకపు చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు తన అవసరం ఇదని తెలియజెప్పి అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడితే, సరుకు ఆ అవసరానికి తగినట్టు ఉండాలి. వెంటనే ఒక మినహాయింపు కూడా పెట్టారు: ఫలానా బ్రాండు పేరుతో ఫలానా సరుకే కావాలని కొంటే ఈ షరతు వర్తించదు. మనం చేసేది సరిగ్గా అదే. ‘ఫార్చ్యూనర్ కావాలి, తెల్లది’ అని అడుగుతాం. బావమరిది కొన్నాడనో, ఊళ్లో మొదటిది మనదే కావాలనో బండి పేరు ముందే తేల్చుకుని వెళ్తాం. అలా వెళ్లినవాడికి ఆ సెక్షన్ పెద్దగా అక్కరకు రాదు.

కాబట్టి పేరు చెప్పకముందే పని చెప్పాలి, అది కాగితం మీద ఉండాలి. ‘రోజూ చెరువు గట్ల మీద పది కిలోమీటర్ల లోపు, తక్కువ వేగంతో తిరుగుతుంది. ఉప్పుగాలి ప్రాంతం. మేత బస్తాలు వేస్తాం. నెలకు రెండుసార్లు విజయవాడ. దీనికి ఏ ఇంజను, ఏ టైర్లు తగినవో చెప్పండి’ అని డీలరుకు ఈమెయిలో వాట్సాపో పెట్టి, రాతలో జవాబు తెప్పించుకోవాలి. తర్వాత గొడవ వస్తే అదే సాక్ష్యం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న ఊళ్లోనే కేసు వేయాల్సిన పనిలేదు, ఉంటున్న చోటే వేయొచ్చు. విజయవాడలో కొన్న నాగాయలంక మనిషి మచిలీపట్నంలోని జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపుంటే అది అక్కడి పరిధే. బండిని కంపెనీ పేరు మీద కొంటే మాత్రం వ్యాపార అవసరమన్న వాదన ఎదురవుతుంది, అది ముందే ఆలోచించుకోవాలి.

టెస్ట్ డ్రైవ్ గురించి మొహమాటం అక్కర్లేదు. కొనబోయేవాడు తగినంతగా నడిపి చూసుకోవడానికి ట్రేడ్ సర్టిఫికెట్ మీద బండి రోడ్డెక్కవచ్చని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే ఒప్పుకున్నాయి. నాలుగు కిలోమీటర్లే తగినంత అని ఎవరూ రాయలేదు. డెమో బండిని ఒక పూట అవనిగడ్డ దాకా తెమ్మని అడగండి. డీజిల్ ఖర్చు మనమే పెట్టుకుందాం, అందులో తప్పేముంది. వాన వెలిసిన మర్నాడు తెప్పించుకుంటే ఇంకా మంచిది. తడి నల్లమట్టి మీద ఫోర్-వీల్ డ్రైవ్ ఉందా లేదా అన్నదాంతో పాటు టైరు గాళ్లు ఎంత లోతున్నాయో కూడా తేలిపోతుంది. ఇంట్లో పెద్దావిడను ఎక్కించి చూడండి. చీర కట్టుకున్న డెబ్బై ఏళ్ల మనిషి పక్కపిడి పట్టుకుని ఎక్కలేని బండి ఏడుగురి కుటుంబానికి ఎలా సరిపోతుంది? చీకటి పడ్డాక ఒకసారి తోలండి, వీధిలైట్లు లేని కరకట్ట మీద హెడ్‌లైటు మలుపులో ఎంతవరకు పడుతుందో చూడాలి. సర్వీసు సెంటరుకు వెళ్లినప్పుడు అదే మోడల్ మూడేళ్ల బండి ఏదైనా ర్యాంపు మీద ఉంటే కింద నుంచి చూపించమనండి. ఉప్పుగాలి ఊళ్ల బండి అయితే బ్రేకు పైపుల క్లాంపులు, సైలెన్సరు అతుకులు, వైరింగు జాయింట్లు ఉన్న నిజం చెప్పేస్తాయి.

ఇన్ని అడిగితే షోరూములో చిన్నచూపు చూస్తారేమోనన్న జంకు మన రైతుల్లో ఉంది. కారణం లేకపోలేదు. 2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో ఒక యువ రైతు బొలెరో పికప్ కొనడానికి వెళ్తే, జేబులో పది రూపాయలు కూడా ఉండవని సేల్స్‌మన్ ఎగతాళి చేశాడని వార్తలొచ్చాయి. ఆ రైతు గంట తిరక్కుండానే పది లక్షలు తెచ్చి ముందు పెట్టాడు. సంగతి దేశమంతా పాకి, ఆనంద్ మహీంద్రా దాకా వెళ్లి, బండి రైతు ఇంటికి చేరింది. ఆ కథలో అందరూ పది లక్షల గురించి చెప్పుకున్నారు. డబ్బు చూపించకముందే మర్యాద దక్కాలని నేనంటాను. లుంగీ కట్టుకుని, కాళ్లకు గట్టు మట్టితో వచ్చిన మనిషే తన దారి గురించి అందరికంటే బాగా చెప్పగలడు.

ఇక సర్వీసు. నాగాయలంక నుంచి విజయవాడ డెబ్బై కిలోమీటర్ల పైమాటే, రానుపోను ఒక రోజు పని పోతుంది. చిన్న రిపేరు అవనిగడ్డలోనో చల్లపల్లిలోనో చేయిద్దామంటే వారంటీ పోతుందని భయం. ఈ భయాన్ని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులోనే పరిశీలించింది. విడిభాగాలు, లోపం కనిపెట్టే స్కానర్లు బయటి మెకానిక్‌లకు దక్కనివ్వడం లేదని, వారంటీ షరతులతో కట్టిపడేస్తున్నారని తేల్చి, 14 కార్ల కంపెనీల మీద దాదాపు 2,545 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఆస్ట్రేలియా 2022 జులై 1 నుంచి ఇదే పనిని ప్రత్యేక చట్టంతో చేసింది: సర్వీసు, రిపేరు సమాచారాన్ని కంపెనీలు స్వతంత్ర మెకానిక్‌లకు, శిక్షణ సంస్థలకు న్యాయమైన ధరకు అమ్మి తీరాలి. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు ఎండెవర్ యజమానులు పడ్డ ఆందోళన గుర్తుచేసుకుంటే ఆ చట్టం ఎందుకో అర్థమవుతుంది.

మనకు చేతి పనితనం తక్కువేమీ కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఛాసిస్ మీద బాడీ కట్టే చేతులు, శబ్దం విని బేరింగ్ పోయిందని చెప్పే చెవులు ఉన్నాయి. వాళ్లకు అందనిది కంపెనీ సాఫ్ట్‌వేరు, వైరింగు పటాలు. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెరిచి అందులో వాహనాలనూ చేర్చింది. సమాచారం పెట్టడం కంపెనీల ఇష్టానికే వదిలేసింది. దాన్ని చట్టంగా మార్చమని గట్టిగా అడగాల్సింది విజయవాడ వాళ్లకంటే ముందు దివిసీమ వాళ్లే. ఆదివారం రాత్రి వానలో, పట్టుబడి జరుగుతున్న చెరువు దగ్గర ఇంజను దీపం వెలిగితే, మన ఫోను ఎత్తి బండి దగ్గరికి రాగలిగేది అవనిగడ్డ మెకానిక్ ఒక్కడే. అతని చేతిలో ఆ స్కానరు ఉండాలి.